తూర్పు మజ్జిగ, పడమటి మజ్జిగ

నా పీహెచ్‌డీ గురించి ఎవరు మాట్లాడినా "ఎన్నేళ్ళు పట్టింది సార్, గైడు ఎవరు సార్, థీసిస్ ఎంత లావు సార్" అని అడుగుతారు. "మజ్జిగ ఎవరింట్లో తాగారు సార్?" అని అడిగిన బుద్ధిమంతుణ్ణి మాత్రం ఇంతవరకు చూడలేదు. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. మిగతావన్నీ లైబ్రరీలో బూజు కింద పడి ఉన్నాయి, కావలసినవాళ్ళు తుమ్ముకుంటూ చదువుకోవచ్చు.

డెబ్బైలు ముగియడానికి వస్తున్న రోజులవి. నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో ప్రభుత్వ పాలన అనే శాస్త్రాన్ని బోధించే తాత్కాలిక లెక్చరర్ని నేను. తాత్కాలిక లెక్చరర్ అంటే జూన్‌లో పుట్టి ఏప్రిల్‌లో చచ్చే ప్రాణి. ప్రతి జూన్‌లోనూ కరస్పాండెంటు నన్ను జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు చూసి, పేరడిగి, ఊరడిగి, ఉద్యోగంలోకి తీసుకునేవాడు. ఏప్రిల్‌లో పరీక్షలు ముగిసిన సాయంత్రానికే స్టాఫ్‌రూములో నా కుర్చీ మాయమయ్యేది. అది వేసవంతా కరస్పాండెంటు గారి పత్తి మిల్లులో వాచ్‌మన్ కింద పని చేసి, జూన్‌లో నాతో పాటే మళ్ళీ డ్యూటీలో చేరేది. మా ఇద్దరిలో ఏడాది పొడుగునా కొలువున్నది దానికే.

ఒకరోజు కరస్పాండెంటు నన్ను పిలిచాడు.

"చూడప్పా, పర్మనెంటు పోస్టు ఒగటి వస్తాంది. రూలు ప్రకారం డాక్టరేటు ఉన్నోనికి ఇయ్యాల. నువ్వు తెచ్చుకుంటే నీది."

"తెచ్చుకోలేకపోతే సార్?"

"ఎవురూ దొరకకపోతే ఉన్నోన్ని పెట్టుకోవచ్చంట. మా బామ్మర్ది ఇంట్లో ఊరికే కూచోనుండాడు."

బామ్మర్దిని నేనెరుగుదును. ఆయన విద్యార్హతలు రెండు: ఒక స్కూటరు, ఒక జత చలువ కళ్ళద్దాలు. ఆ స్కూటరు మీద ఆయన మా కాలేజీ చుట్టూ, మంచి రేటు కోసం చేను చుట్టూ తిరిగే వ్యాపారస్తుడిలాగా, రోజూ ఒక ప్రదక్షిణం చేసి పోయేవాడు. ఆ స్కూటరు చప్పుడు వినపడితే నేను పాఠం మధ్యలో ఏ పేజీలో ఉన్నానో మరిచిపోయేవాణ్ణి.

మా ఇంట్లో పన్నెండు నెలలూ జీతం తెచ్చేది నా భార్య. మిషన్ స్కూల్లో టీచరు. ఈ కబురు చెప్పగానే ఆమె సంతోషించిన తీరు ఇది.

"తెచ్చుకో పో అప్పా. ఎండాకాలం వచ్చిందంటే కుండ పక్కన ఇంకో కుండ మాదిరి కూచోనుంటావ్. నీళ్ళు ముంచబోయి నీ నెత్తిన లోటా పెడతాండా."

అలా నేను పరిశోధకుణ్ణయ్యాను. జ్ఞానతృష్ణ వల్ల అయ్యానని థీసిస్ ముందుమాటలో రాసుకున్నాను. ముందుమాటల్లో అందరూ అదే రాస్తారు.

మా గైడు కోస్తా నుంచి వచ్చిన ప్రొఫెసరు. రాత్రంతా బస్సులో కూర్చుంటే తెల్లారి ఆయన యూనివర్సిటీ వచ్చేది. ఆయన గదిలో పుస్తకాలు నేల నుంచి పైకప్పు దాకా పేర్చి ఉండేవి. ఒక్కటి లాగినా భవనం కూలుతుందన్న భయంతో ఎవరూ దేన్నీ ముట్టుకునేవారు కారు, ఆయన అసలు ముట్టుకునేవారు కారు. గ్రామీణాభివృద్ధి మీద దేశంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. గ్రామాన్ని ఆయన రైలు కిటికీలోంచి చూశారు, అదీ కునుకుపాట్ల మధ్య. నేను పోయిన ప్రతిసారీ నా వెనకాల నంద్యాల బియ్యం మూట కూడా బస్సు దిగేది. బనగానపల్లె మామిడిపండ్ల కాలంలో నా అధ్యాయాలన్నీ నిర్దుష్టంగా ఉండేవి. కాపు అయిపోయిందంటే అదే అధ్యాయాల్లో తప్పులు పుట్టుకొచ్చేవి.

"గ్రామాల్లో ప్రభుత్వం బోరింగులు వేస్తోంది కదవోయ్. ఆ తాగునీటి విధానం మీద చెయ్యి. ప్రజల వైఖరి, భాగస్వామ్యం, సంతృప్తి. ఆళ్ళగడ్డ పక్కన ఏదో ఒక ఊరు పట్టుకో."

"ఆళ్ళగడ్డే ఎందుకు సార్?"

"అహోబిలం దగ్గర కదవోయ్!" అన్నారు, పరిశోధనా పద్ధతి తెలియనివాణ్ణి చూసినట్టు చూసి.

ప్రశ్నావళి ఆయనే ఇచ్చారు. కొళాయి ఒకవైపు తిప్పితే వేడినీళ్ళు, ఇంకోవైపు తిప్పితే చన్నీళ్ళు వచ్చే దేశంలో ఎవరో ఎవరి కోసమో రాసుకున్న ప్రశ్నలు అవి. వాటిని ఆయన శిష్యుడొకడు తెలుగు చేశాడు, తెలుగు చేస్తున్నంతసేపూ తెలుగువాడెవడూ పక్కన లేకుండా జాగ్రత్తపడ్డాడు. "మీ నీటి సరఫరా వ్యవస్థ యెడల మీకు గల సంతృప్తిని అయిదు సోపానములపై సూచింపుడు." ఆ కాగితాలు సైక్లోస్టైల్ చేయించి కట్టగడితే, ఆ కట్టను తలకింద పెట్టుకుని ఒక మధ్యరకం ఏనుగు హాయిగా నిద్రపోవచ్చు.

ఆ రాత్రి నా భార్య వంటింటి గడప మీద కూర్చుని ప్రశ్నావళిని మొదటి నుంచి చివరి దాకా, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు చదివింది.

"ఏందీ, నీళ్ళ రుచి గురించి ఉంది. రంగు గురించి ఉంది. బోరింగు కాడ కొట్లాడుకుంటారా అని ఉంది. దాన్ని చూస్తే దేశం మీద ప్రేమ పుడతాందా అని గూడా ఉంది. నీళ్ళొస్తాండాయా అని యాడుంది?"

వెతికాను. తిరగేసి వెతికాను. అట్టకు లోపలివైపు కూడా చూశాను. లేదు.

మళ్ళీ యూనివర్సిటీకి పోయినప్పుడు గైడుగారికి విన్నవించాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నన్ను క్షమించారు.

"నీళ్ళు రావడం, రాకపోవడం ఇంజనీర్ల గోలవోయ్. మనది పాలసీ. ఆ ప్రశ్న వేశావంటే థీసిస్ వాళ్ళ డిపార్టుమెంటుకి పోతుంది. ఉద్యోగం ఎవరికి కావాలి, నీకా, వాళ్ళకా?"

నాకే కావాలి. ఆ ప్రశ్న చేర్చలేదు.

ఆళ్ళగడ్డ బస్టాండులో ఉగ్గాని బజ్జీ తిని, ఇంకో బస్సెక్కి పోతే వస్తుంది నా ఊరు. దానికి రెండే వీధులు, తూర్పు వీధి, పడమటి వీధి. మధ్యలో ఖాళీ మైదానం. రెండు వీధులకు ఇద్దరు పెద్దలు. ఇద్దరూ దాయాదులు. వాళ్ళ తాతలు ఏదో గట్టు దగ్గర మాటా మాటా అనుకున్నారట. ఆ మాటలేవో అందరూ మరిచిపోయారు, పంతం మాత్రం మరిచిపోలేదు. ఊర్లో ప్రతిదీ రెండేసి ఉండేవి. టీ కొట్టు రెండు, మంగలి షాపు రెండు, పేకాట అరుగులు రెండు. దేవుణ్ణి కూడా రెండు చేద్దామనుకున్నారు గానీ పూజారి ఒప్పుకోలేదు. బస్సు మాత్రం ఒకటే కావడంతో, తూర్పు వాళ్ళు కుడి పక్క సీట్లలోనూ పడమటి వాళ్ళు ఎడమ పక్క సీట్లలోనూ కూర్చునేవారు. ఒక వీధిలో పెళ్ళి ఉందంటే బస్సు ఆ పక్కకు ఒరిగి నడిచేది. డ్రైవరు తటస్థుడు, అందుకే బతికి ఉన్నాడు.

అలాంటి ఊరికి ప్రభుత్వం ఒకటే బోరింగు మంజూరు చేసింది. విధానాలు తయారుచేసేవాళ్ళ తెలివి అలా ఉంటుంది. తూర్పు పెద్దాయన మా వీధిలో వెయ్యాలన్నాడు. పడమటి పెద్దాయన మా వీధిలో వెయ్యాలన్నాడు. వచ్చిన ఇంజనీరు పెళ్ళాంబిడ్డలున్నవాడు. టేపు పట్టుకుని మైదానం కొలిచి, రెండు వీధులకూ వెంట్రుక వాసి తేడా లేకుండా నడిమధ్యన మేకు దిగ్గొట్టాడు. పెద్దలిద్దరూ "సరే" అన్నారు. తరాలుగా వాళ్ళిద్దరూ ఒప్పుకున్న విషయం అదొక్కటే.

ఆ నడిమధ్యన, భూమిలోపల, నీళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. పాతాళంలో వాళ్ళు "ఎవరదీ?" అని కేకలు పెట్టేదాకా తొలిచినా దుమ్మే వచ్చింది. అయినా మంజూరైన బోరింగు మంజూరైనట్టే గనక, దాని మీద పంపు బిగించి, రంగు వేసి, దండ వేసి, టెంకాయ కొట్టి పోయారు. ఆ టెంకాయలోని నీళ్ళే ఆ బోరింగు చూసిన నీళ్ళు. తూర్పు ఆడవాళ్ళు తూర్పు చేన్ల బావికి, పడమటి ఆడవాళ్ళు పడమటి చేన్ల బావికి, ఎప్పట్లాగే బిందెలెత్తుకుని పోతూనే ఉన్నారు.

నేను మొదటిసారి ఆ ఊర్లో దిగింది మంచి ఎండాకాలంలో. ఆ ఎండ ఎలాంటిదంటే, నా నీడ నాకంటే ముందు పరిగెత్తి ఒక వసారా కిందికి పోయి కూర్చుంది. నేనూ దాని వెనకాలే పోయాను. అది తూర్పు పెద్దాయన వసారా.

"రా అప్పా, యా ఊరు? నంద్యాలనా? కూకో. ముందు గొంతు తడుపుకో, కత తర్వాత చెబుదువు."

లోటాతో మజ్జిగ ఇచ్చారు. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన మజ్జిగ. ఎత్తిన లోటా దించకుండా తాగాను. దించి చూస్తే మైదానం అవతల, పడమటి వీధి అరుగుల మీద, మనుషులు వరుసగా నిలబడి నన్నే చూస్తున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

ఆ ఊరి ఆచారం నాకప్పటికి తెలియదు. ఊర్లోకొచ్చిన కొత్త మనిషి మొట్టమొదట ఎవరింట్లో గొంతు తడుపుకుంటే ఆ వీధి మనిషి. నా చదువు, నా కాలేజీ, నా ప్రొఫెసరు, నా శాస్త్రం, అన్నీ ఆ లోటాలో కలిసిపోయాయి. నేను తూర్పు వాణ్ణి.

తూర్పు వీధిలో సర్వే పండగలాగా జరిగింది.

"బోరింగు నీళ్ళ రుచి ఎలా ఉంది?"

"తేనె."

"సంతృప్తిని ఐదు సోపానాలపై చెప్పండి. అంటే ఐదు మెట్లు."

"ఎన్ని మెట్లుంటే అన్నీ రాసుకో అప్పా. మనోడివి. పైన ఇంకో మెట్టు కట్టించి గూడా రాసుకో."

మైదానం దాటి పడమటి వీధికి పోయాను. అక్కడ నాకు పీట కూడా వెయ్యలేదు. ఒకాయన మంచం మీద పడుకునే, కళ్ళు తెరవకుండానే జవాబులు చెప్పాడు.

"నీళ్ళ రుచి ఎలా ఉందన్నా?"

"విషం. కాకి తాగి చచ్చింది."

"ఎప్పుడు?"

"రేపు చస్తుంది. రాసుకోని పో."

ఒక్క చుక్క నీరు ఎన్నడూ రాని బోరింగు అది. దాని నీళ్ళ రుచి మీద ఊరు నిట్టనిలువునా చీలిపోయి ఉంది.

పోయేముందు బస్సు దగ్గర ఒక ముసలాయన్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాను. "నాయనా, నిజం చెప్పు. నీళ్ళు వస్తాయా?" ఆయన నా నోరు మూసినంత పని చేశాడు.

"ఆ మాట అడగాకు సామీ. అది పెద్దోళ్ళిద్దరూ ఒప్పుకొని ఏయించింది. రాలేదంటే ఇద్దర్నీ తిట్టినట్ల. ఒకర్ని తిడితే ఇంకో వీధిలో బతకొచ్చు. ఇద్దర్నీ తిట్టినోడు యాడ బతకాల?"

లెక్కలు వేస్తే ప్రతి ప్రశ్నకూ జవాబులు సగానికి సగం. కత్తితో కోసినట్టు. గైడుగారు ఆ పట్టికను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మామిడిపండ్ల బుట్టకు తప్ప ఆయన దేనికీ లేచి నిలబడగా నేను చూడలేదు.

"ధ్రువీకరణవోయ్! ఊరు రెండు ధ్రువాలుగా చీలిందోయ్! అంతర్జాతీయంగా కూడా ఇంత స్వచ్ఛమైన డేటా లేదు!"

"సార్, అది మజ్జిగ సార్." జరిగింది చెప్పాను.

ఆయన ఓపిగ్గా విని, ప్రశ్నావళి తెప్పించి, వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా చూసుకున్నారు.

"మజ్జిగ ఏ ప్రశ్నలోనూ లేదోయ్. ప్రశ్నలో లేనిది జవాబులోకి ఎలా వస్తుంది?"

ఆ శీతాకాలం ఆయన నా పట్టికలతో ఢిల్లీ పోయి ఒక సదస్సులో పేపరు చదివి, శాలువా కప్పించుకుని వచ్చారు. అచ్చయిన వ్యాసంలో నా పేరు అడుగున ఉందన్నారు. ఉంది. చీమకు కూడా కళ్ళజోడు కావలసినంత పెద్ద అక్షరాల్లో ఉంది.

అంతటితో థీసిస్ అయిపోయిందనుకున్నాను. "కాలక్రమంలో మార్పు చూపించాలోయ్, మళ్ళీ పోయి అవే ప్రశ్నలు అడిగి రా" అన్నారు. నంద్యాలలో స్కూటరు ప్రదక్షిణాలు రోజుకు రెండయ్యాయి. సరేనని రెండేళ్ళ తర్వాత మళ్ళీ బస్సెక్కాను. ఎనభైలు వచ్చేశాయి గానీ ఆ ఊరి దాకా ఇంకా రాలేదు. వానలకు కల్వర్టు కొట్టుకుపోయి, బస్సు ఈసారి పడమటి వీధి మొదట్లోనే ఆగింది. నేను దిగి కాలు కింద పెట్టకముందే పడమటి పెద్దాయన నా భుజం పట్టుకున్నాడు.

"ఆ పొద్దు ఆడ తాగితివి. ఈ పొద్దు ఈడ తాగాల. మా ఎనుములు పాలియ్యవా ఏందీ?"

భుజం ఆయన చేతిలో ఉండగా కాదనే శక్తి శాస్త్రానికి లేదు. తాగాను. న్యాయంగా చెప్పాలంటే పడమటి మజ్జిగే బాగుంది, మెంతిపొడి వేశారు.

ఇక అడుగుతున్నాను కదా, పడమటి వీధంతా తేనె. మంచం మీద పడుకునే కాకిని చంపిన ఆయన ఈసారి లేచి కూర్చుని, తలకింది దిండు నాకిచ్చి, చెట్టు వైపు చూపించాడు.

"యా కాకి? అద్దో, ఎగురుతాంది సూడు. ఆ నీళ్ళు తాగబట్టే అంత పైకి ఎగురుతాంది."

తూర్పు వీధికి పోతే తలుపులు మూసుకున్నాయి. వసారా మీద నుంచి తూర్పు పెద్దాయన ఒక్కటే మాటన్నాడు.

"మజ్జిగ యాడ తాగినావో ఆడ్నే రాయించుకో పో అప్పా. మా నీళ్ళు విషం."

గైడుగారికి కొత్త పట్టిక చూపించినప్పుడు నిజంగా భయపడ్డాను, ఆనందంతో గుండె ఆగుతుందేమోనని. పడమర సున్నా నుంచి నూటికి పోయింది, తూర్పు నూరు నుంచి సున్నాకు వచ్చింది. ఇన్నేళ్ళ ప్రణాళికల్లో ప్రభుత్వ విధానం ఏ ఊర్లోనూ ఇంత కదలిక తేలేదన్నారు. "సంతృప్తి పడమటికి ప్రయాణించింది!" అంటూ దానికే ఒక అధ్యాయం పెట్టించారు. నీళ్ళ రుచి మీద ఇంకో అధ్యాయం. దానికి నాలుగు రంగుల్లో పటాలు. నంద్యాల టైపు ఇన్‌స్టిట్యూటులో ఆ థీసిస్ కొట్టిన అమ్మాయికి అది పూర్తయ్యేలోపు వేళ్ళు అరిగి, పెళ్ళి ఉంగరం పెద్ద సైజు నుంచి చిన్న సైజుకు మార్చుకోవాల్సి వచ్చింది.

థీసిస్ యూనివర్సిటీకి పోయింది. అక్కడి నుంచి కబురు వచ్చింది. బయటి ఎగ్జామినరు వైవాకు ముందు ఊరు చూస్తారట. ఆయన పెద్ద మనిషి, ఖద్దరు మనిషి, ప్రభుత్వం వారి తాగునీటి కమిటీలో సభ్యుడు. ఊరు చూడాలనడం కేవలం శాస్త్రం మీద భక్తి. యాగంటిలో ఒక పూట, అహోబిలంలో ఒక పూట చూస్తాననడం భక్తి మీద భక్తి.

జూన్ ఇంకో వారంలో ఉంది. "వైవా అయితే కాయితం పట్టుకోని రా అప్పా" అన్నాడు కరస్పాండెంటు. ఆ గదిలోనే బామ్మర్ది పర్మనెంటు కుర్చీలో కూర్చుని, ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగి, స్ప్రింగు చూసుకుంటున్నాడు.

నా బెంగ మీకు అర్థమై ఉండాలి. థీసిస్ ప్రకారం ఇప్పుడు పడమర తేనె, తూర్పు విషం. ఎగ్జామినరు పొరపాటున తూర్పు లోటా ఎత్తాడంటే నా నాలుగు రంగుల పటాలన్నీ తలకిందులు. నా ఉద్యోగం ఒక పెద్దమనిషి దాహం మీద నిలబడి ఉంది. దారిలో ఆయనకు దాహం వెయ్యకుండా చూడాలని ఫ్లాస్కులో కాఫీ, కూజాలో నీళ్ళు, బుట్టలో నిమ్మకాయలు, అన్నీ నా భార్య సర్దింది.

"మీ బోరింగులో ఒక చుక్క వచ్చింటే నాకు ఈ మోత తప్పేది గదప్పా" అంది, కూజా నా చేతికిస్తూ. "బేగా రా. తేనె తీసకరాకపోయినా ఆ కాయితం తీసకరా."

యాగంటిలో ఆయన కాఫీ తాగారు. అహోబిలంలో నీళ్ళు తాగారు. ఆళ్ళగడ్డ దాటేసరికి ప్రసాదం పులిహోర పని చేసి కూజా కూడా ఖాళీ చేశారు. అంబాసిడరు కారులో ముందు సీటులో గైడుగారు, వెనక ఎగ్జామినరు, ఆయన కాళ్ళ దగ్గర ఖాళీ కూజాతో నేను. డ్రైవరుకు పడమటి వీధిలోకి పోనివ్వమని పొద్దుటి నుంచి పదేపదే చెప్పాను. ఆయన ఆళ్ళగడ్డ వాడు. అన్నిటికీ తల ఊపి, ఊర్లోకి రాగానే కారును సరిగ్గా మైదానం నడిమధ్యన, బోరింగు పక్కన ఆపాడు.

"అన్నా, పడమటికి అన్నాను కదా!"

"నువ్వు డాక్టరయితావ్, రేపు నంద్యాలకు పోతావ్. నా కారు అద్దాలు ఈడ్నే తిరగాల గదప్పా."

రెండు వైపుల నుంచీ పెద్దలు బయలుదేరారు. ఇద్దరి చేతుల్లోనూ లోటాలు. ఇద్దరూ ఒకే వేగంతో, ఒకరి అడుగు ఒకరు ఓరగా చూసుకుంటూ వస్తున్నారు. ఎగ్జామినరు కారు దిగి, కండువాతో మొహం తుడుచుకుని, ఎదురుగా ఉన్న బోరింగును చూశారు.

"ఓహో! ఇదేనా మన బోరింగు! ప్రజలు తాగే నీళ్ళే నేనూ తాగుతాను."

ఆపేలోపల పిడి పట్టుకున్నారు. కొట్టారు. కీచుమంది. మళ్ళీ కొట్టారు. గైడుగారు "నేను పడతాను సార్" అంటూ తానూ పిడి పట్టుకున్నారు. ఆయన జీవితంలో గ్రామీణాభివృద్ధి కోసం చేతులతో చేసిన పని అదొక్కటే. ఖద్దరు చొక్కా, టెర్లిన్ చొక్కా రెండూ చెమటకు ఒంటికి అతుక్కుపోయాయి. లోపల ఎక్కడో గరగరమంది. పంపు మూతిలోంచి ఒక తొండ తల బయట పెట్టి, మా అందరినీ ఒకసారి చూసి, విసుక్కుని, లోపలికి పోయింది.

"నీళ్ళేవి?" అన్నారు ఎగ్జామినరు.

లోటాలు పట్టుకుని ఇటొకరు అటొకరు నిలబడ్డ పెద్దలు ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పొద్దున వచ్చినాయి సార్," అన్నాడు తూర్పు పెద్దాయన.

పడమటి పెద్దాయన లోటాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తూర్పు మాటకు వత్తాసు పలకడం ఆ వంశంలో అలవాటు లేదు.

"ఔ సార్. చానా వచ్చినాయి. మా ఈది ఆడోళ్ళు పట్టుకోని పోయినారు."

"కింద మట్టి కూడా తడి లేదే!" ఎగ్జామినరు చెప్పుతో నేల గీకి చూశారు. వెనకాల బిందెలెత్తుకుని చేన్ల బావి నుంచి వస్తున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నీళ్ళ రుచి మీద అంత అధ్యాయం రాశావు. నీళ్ళు రావన్న ముక్క థీసిస్‌లో ఎక్కడుంది?"

నా చెవుల్లో స్కూటరు చప్పుడు వినపడుతోంది.

అప్పుడు గైడుగారు, ఇంకా ఎగపోస్తూనే, పంపు పిడి మీద చెయ్యి వేసి నిటారుగా నిలబడ్డారు.

"అదే సార్ ఈ థీసిస్ మూలసూత్రం! సంతృప్తికీ నీళ్ళకీ సంబంధం లేదని ప్రపంచంలో మొట్టమొదట నిరూపించింది మా కుర్రాడే!"

ఆ మనిషిని నేను చాలా తిట్టుకున్నాను, ఈ వ్యాసంలో కూడా తిట్టాను. ఆ ఒక్క క్షణంలో మాత్రం ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. మరుక్షణంలో తగ్గింది.

ఎగ్జామినరు ఆలోచనలో పడ్డారు. ఎండలో ఆలోచన తొందరగా ఉడుకుతుంది.

"అంటే, నీళ్ళు ఇవ్వకుండానే ప్రజల్ని సంతృప్తి పరచవచ్చంటారు."

"పరచవచ్చు సార్. ఈ ఊరే రుజువు."

కమిటీ సభ్యుడి మొహం నిండు బిందెలాగా వెలిగిపోయింది. "ఇది ప్రభుత్వానికి ఎంతో పనికొచ్చే సంగతి కదయ్యా!" అని నా భుజం తట్టారు. ఆ భుజం పడమటి పెద్దాయన పట్టుకున్నదే, ఇంకా నొప్పిగానే ఉంది. "అభినందనలు డాక్టర్!" అన్నారు. నా వైవా అయిపోయింది. నన్ను రెండో ప్రశ్న అడగలేదు. అడిగిన ఒక్కదానికీ నేను జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన రెండు చేతులూ చాచి రెండు లోటాలూ ఒకేసారి అందుకుని, ఇటొక గుక్క, అటొక గుక్క తాగారు. ఆయన ఏ వీధి మనిషో తేల్చలేక ఆ ఊరు చాలా ఏళ్ళు బాధపడింది.

జూన్‌లో కరస్పాండెంటు నన్ను చూసి పేరు అడగలేదు. కాయితం తిప్పి తిప్పి చూసి, ముద్ర గోకి చూసి, "సరే" అన్నాడు. స్ప్రింగు కుర్చీ నాదయింది. బామ్మర్దికి అన్యాయం జరగలేదు. ఆయన్ని మా మీద ప్రిన్సిపాలుగా వేశారు, దానికి డాక్టరేటు అక్కర్లేదట. నా భార్య కొత్త కుండ కొన్నప్పుడు తట్టి చూసినట్టు నా కాయితాన్ని వేలితో తట్టి, "మోగుతాంది" అని బీరువాలో పెట్టింది.

కమిటీ వారు నా థీసిస్ చదివారు. చదివి, అంత సంతృప్తి ఉన్న ఊరికి ఇంకో బోరింగు ఇవ్వడం న్యాయమని రాశారు. అది వేసిన సంగతి తెలిసి ఒక ఆదివారం చూడ్డానికి పోయాను. పాత బోరింగు పక్కనే, నడిమధ్యన, జంటగా నిలబెట్టారు. పెద్దలిద్దరూ ఒప్పుకున్న స్థలం ఊర్లో అదొక్కటే మరి. తొండ కొత్తదానిలోకి మారింది.

నన్ను చూడగానే రెండు వైపుల నుంచీ లోటాలు వచ్చాయి.

"రా అప్పా డాక్టరూ! నువ్వు డాక్టరయింది మా మజ్జిగతోనే గదా!" అన్నాడు తూర్పు పెద్దాయన.

"యాడ? ఫస్టు మీది తాగినంక ఏమయినాడు? ఏం గాల్యా. మాది తాగినంకే పుస్తకం రాసింది!" అన్నాడు పడమటి పెద్దాయన.

"మా మజ్జిగ లేకుంటే నీ మజ్జిగ తాగేకి ఊర్లోకి వచ్చునా?"

రెండు వీధులూ మైదానంలోకి దిగాయి. ఎవరి మజ్జిగకు డాక్టరేటు వచ్చిందో తేల్చమని రెండు లోటాలూ నా మూతి ముందుకు వచ్చాయి. అప్పటికి నేను పర్మనెంటు. స్ప్రింగు కుర్చీ ఉంది, ఇంకెవరి దాహంతోనూ నాకు పని లేదు. భుజానికి తగిలించుకున్న కూజా దించి, మూత తీసి, నా భార్య పోసిచ్చిన నంద్యాల నీళ్ళు గడగడా తాగాను.

గొడవ టక్కున ఆగింది. పెద్దలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"సూచ్చాండావా, సొంత నీళ్ళు తెచ్చుకున్నాడు," అన్నాడు తూర్పు పెద్దాయన.

"డాక్టరయినాడు గదా, కొమ్ములొచ్చినాయి," అన్నాడు పడమటి పెద్దాయన.

"ఔ," అన్నాడు తూర్పు పెద్దాయన.

"ఔ ఔ," అంది ఊరు, రెండు వీధులూ కలిసి. రెండు బోరింగుల తర్వాత ఆ ఊరు ఏకగ్రీవంగా ఒప్పుకున్న విషయం నా కొమ్ములే.